ఇంట్లో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



పోయిన నెల మాగాయకి బూజు పట్టకుండా ఉండే ఉపాయం చెప్పినావిడ ఇవాళ కంప్యూటర్ల సంగతి ఎత్తుకుందేమిటా అని మీరు అనుకుంటూ ఉండొచ్చు. నిజమే, నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. ఈ విద్య ఏ బడిలోనూ నేర్చుకోలేదు. కానీ ఇప్పుడు మన ఇళ్ళల్లో గ్రైండరు ఎంతో కంప్యూటరూ అంతే అయిపోయింది. గ్రైండరు ఆగిపోతే ప్లగ్గు చూస్తాం, ఫ్యూజు చూస్తాం, అప్పటికీ తిరక్కపోతే మెకానిక్కుని పిలుస్తాం. కంప్యూటరు దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతులు కట్టుకుని ‘అబ్బాయి రానీ’ అంటాం. ఆ ‘అబ్బాయి రానీ’ అన్నమాట వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను.

మా హాల్లో ఒక పెద్ద కంప్యూటరు ఉంది. ప్రింటరు దానికే వైరుతో తగిలించి ఉంటుంది. లోపలి గదిలో మా అమ్మాయికి లాప్‌టాప్. తను గదిలోంచే ‘ప్రింట్’ అని నొక్కితే హాల్లో కాగితం వచ్చేది. ఇంటి కాగితాలన్నీ, అంటే మామగారి పెన్షను ఉత్తర్వులు, ఇంటిపన్ను రసీదులు, ఆధార్ నకళ్ళు, బ్యాంకు పాసుపుస్తకాల ఫోటోలు, అన్నీ హాలు కంప్యూటర్లోనే ఒక ఫోల్డరులో ఉండేవి. ఏది కావాలన్నా తన గదిలోంచే తెరుచుకునేది. దీన్నే ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ అంటారు. పేరు పెద్దదే గానీ సంగతి ఇంతే: ఒక కంప్యూటర్లో ఉన్న వస్తువుని ఇంట్లో ఇంకో కంప్యూటరు వాడుకోవడం.

ఇంటర్నెట్ వాళ్ళొచ్చి పాత డబ్బా తీసేసి కొత్త రౌటరు పెట్టి వెళ్ళారు. నాలుగో రోజు రాత్రి తొమ్మిదింటికి అమ్మాయి హాల్ టికెట్టు తీసుకోబోతే ప్రింటరు పలకలేదు. తెల్లారితే పరీక్ష. జెరాక్సు దుకాణాలు మూసేశారు. పెన్‌డ్రైవు బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి జేబులో ఉంది. చివరికి తన ఫోనుకి పంపుకుని, హాలు కంప్యూటర్లో వాట్సాప్ తెరిచి, పదకొండింటికి తీసుకుంది. ఆ ఆదివారం మా ఆడపడుచు కొడుకు వచ్చాడు. ఇంజనీరింగు మూడో ఏడు. “అత్తయ్యా, పక్కకి జరుగు” అని పావుగంటలో బాగుచేసేశాడు. పులిహోర తిని వెళ్ళిపోయాడు. ఏం చేశాడో నేనడగలేదు, అతను చెప్పలేదు.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం మేడమీద అద్దెకున్న కుర్రాడు గుమ్మం బయట నిలబడ్డాడు. ఇంటర్నెట్ ఖర్చులో సగం ఇస్తానంటే మా వైఫై అతనికీ ఇచ్చాం లెండి. “పిన్నిగారూ, తప్పుగా అనుకోకండి. నా లాప్‌టాప్‌లో మీ కంప్యూటరు కనిపిస్తోందండీ. తాతగారి పెన్షను, బ్యాంకు అని పేర్లున్న ఫోల్డర్లు ఉన్నాయి. నేనేమీ తెరవలేదు. మీకు తెలియదేమోనని చెబుతున్నాను” అన్నాడు.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ కుర్రాడు మంచివాడు కాబట్టి చెప్పాడు. ఆ రెండు నెలల్లో మా వైఫై పాస్‌వర్డు అడిగి తీసుకున్నవాళ్ళెంతమంది? వ్రతానికొచ్చిన చుట్టాల పిల్లలు, మావారి స్నేహితులు, ఏ.సి. బాగుచెయ్యడానికొచ్చినతను. అందరికీ మా ఇంటి బీరువా తెరిచే ఉందన్నమాట.

ఆ కుర్రాణ్ణే కూర్చోబెట్టుకుని, నాలుగు మధ్యాహ్నాలు అడిగి అడిగి నోటుపుస్తకంలో రాసుకున్నాను. మా మేనల్లుడు చేసినవి మూడు పనులని తేలింది. ఫైర్‌వాల్ మొత్తం ఆపేశాడు. ‘పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్’ తీసేశాడు. మొత్తం ‘డి’ డ్రైవుని ‘ఎవ్రీవన్’ అన్న పేరు మీద, అంటే అందరికీ, తెరిచిపెట్టాడు. పని జరిగింది, కాదనను. గది తాళంచెవి దొరకలేదని వీధి తలుపు కూడా ఊడదీసి పెడితే పని జరగదూ? అసలు జబ్బు ఒక్క చుక్క మార్చితే పోయేది. అదేమిటో కాస్త ఆగి చెబుతాను. ముందు వరస తెలియాలి.

నేను చెప్పేదంతా విండోస్ 11 ఉన్న కంప్యూటర్ల గురించి. విండోస్ 10లోనూ ఇవే మాటలు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి గానీ, దానికి కంపెనీ వారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ‘హోమ్‌గ్రూప్’ అని ఒకటి ఉండేదే, అది ఏమైందని మా వదినగారు అడిగారు. దాన్ని 2018లోనే విండోస్ 10లోంచి తీసేశారు, వెతక్కండి.

మొట్టమొదట ప్రింటరు తగిలించిన కంప్యూటరు దగ్గరికే వెళ్ళి, అక్కణ్ణుంచి ఒక కాగితం కొట్టి చూడండి. అక్కడే రాకపోతే తప్పు ప్రింటరుదో, వైరుదో, సిరాదో. వైఫైని తిట్టి లాభం లేదు. అక్కడ వచ్చి, రెండో గదిలోంచి రాకపోతే, దారిలో ఎక్కడో తెగిందన్నమాట. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తగ్గిపోతుంది. ఇంకో సంగతి. వైరుతో తగిలించిన ప్రింటరు, ఆ కంప్యూటరు మేలుకుని ఉన్నంతసేపే మిగతావాళ్ళకి ఉంటుంది. వాడకపోతే కాసేపటికి కంప్యూటరు దానంతటది నిద్రపోతుంది, తెర నల్లబడుతుంది. అప్పుడు లోపలి గదిలో ‘ఆఫ్‌లైన్’ అని కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, పవర్ అన్నచోటికెళ్ళి నిద్రపోయే వేళని పెంచుకోవచ్చు. మా ఇంట్లో పగలు నిద్రపోకుండా పెట్టాను, రాత్రి నేనే ఆపేస్తాను.

తర్వాత, రెండు కంప్యూటర్లూ ఒకే వైఫై మీద ఉన్నాయా లేదా. ఇది చాలా చిన్న విషయమనిపిస్తుంది గానీ ఇళ్ళల్లో ఎక్కువగా జరిగేది ఇదే. ఇప్పటి రౌటర్లలో చుట్టాలకోసం ‘గెస్ట్’ అని వేరే వైఫై పెట్టుకోవచ్చు. దాని మీద ఉన్నవాళ్ళకి ఇంటర్నెట్ వస్తుంది గానీ మామూలుగా ఇంట్లో తక్కిన యంత్రాలు కనిపించవు. వెనక గదికి సిగ్నలు అందడంలేదని రెండో రౌటరు తెచ్చి పెట్టుకున్నా, దాన్ని అమర్చిన తీరుని బట్టి ఆ గది వేరే ఊరైపోతుంది. రెండు గదుల్లోనూ ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తూంటుంది కాబట్టి మనకి అనుమానం రాదు.

తెలుసుకోవడం ఎలాగంటే, రెండు కంప్యూటర్లలోనూ వైఫై ప్రాపర్టీస్ తెరిచి ఐ.పి. అడ్రసు చూడండి. 192.168.1.5 లాగా నాలుగు అంకెల గుంపులు ఉంటాయి. మామూలు ఇళ్ళల్లో మొదటి మూడు గుంపులూ రెండింటిలోనూ ఒకటే ఉండాలి, చివరిది వేరుగా ఉండాలి. ఒకదాంట్లో 192.168.1, ఇంకోదాంట్లో 192.168.0 ఉంటే రెండూ వేరువేరు గట్ల మీద ఉన్నాయన్నమాట. 169.254తో మొదలైతే ఆ కంప్యూటరుకి రౌటరు నంబరే ఇవ్వలేదు. వైఫై ఆపి మళ్ళీ కలపండి, కుదరకపోతే రౌటరు ఆపి వెయ్యండి. ఇంట్లో ఎవరైనా ఆఫీసు లాప్‌టాప్ వాడుతూంటే, అందులో వి.పి.ఎన్. నడుస్తున్నంతసేపూ ఇంటి ప్రింటరు కనిపించకపోవచ్చు. అది ఆఫీసువాళ్ళు పెట్టిన కట్టుబాటు. దాని జోలికి మనం పోకూడదు, కోడలి ఉద్యోగానికి ముప్పు తేకూడదు.

ఇప్పుడు ఆ చుక్క సంగతి.

కంప్యూటరు ఏ కొత్త వైఫైకి తగులుకున్నా, విండోస్ దాన్ని ముందుగా ‘పబ్లిక్ నెట్‌వర్క్’ అనే లెక్కవేస్తుంది. అంటే రైల్వేస్టేషనో, హోటలో అనుకుని తన వస్తువులన్నీ దాచేసుకుంటుంది. మంచి అలవాటే. పరాయిచోట అలాగే ఉండాలి. మన ఇల్లని మనం చెబితేనే ‘ప్రైవేట్ నెట్‌వర్క్’ అవుతుంది. మా ఇంట్లో పాత డబ్బా ఉన్నప్పుడు ఎవరో ఎప్పుడో ‘ప్రైవేట్’ అని చెప్పి ఉంటారు. కొత్త రౌటరు రాగానే హాలు కంప్యూటరుకి అది కొత్త ఊరైపోయింది, మళ్ళీ తలుపులు వేసుకుంది. అంతే జరిగింది! రౌటరు మార్చిన రోజునో, వైఫై పేరు మార్చిన రోజునో షేరింగ్ ఆగిపోతే ముందు దీన్నే అనుమానించండి. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, ప్రాపర్టీస్ అనే వరసలో వెళితే పబ్లిక్, ప్రైవేట్ అని రెండు గుండ్రాలు ఉంటాయి. ఇంటి వైఫై అయితే ప్రైవేట్ దగ్గర చుక్క పెట్టండి. లాప్‌టాప్ పట్టుకుని హోటలుకో, ప్రయాణానికో వెళ్ళినప్పుడు మాత్రం పబ్లిక్‌నే ఉండనివ్వండి.

అదే నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లో ‘అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్’, దాంట్లో ‘అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్’ ఉంటాయి. అక్కడ ప్రైవేట్ కింద ‘నెట్‌వర్క్ డిస్కవరీ’, ‘ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్’ రెండూ ఆన్ ఉండాలి. పబ్లిక్ కింద రెండూ ఆఫ్ ఉండాలి. అన్నిటికన్నా కింద పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆన్‌లోనే ఉండాలి. మా మేనల్లుడు ఆపింది దీన్నే.

ఇంత చేశాక కూడా ‘నెట్‌వర్క్’ అన్న జాబితాలో హాలు కంప్యూటరు పేరు కనిపించలేదనుకోండి. కంగారు పడకండి, ఆ జాబితా ఒక్కొక్కసారి నిండుకోదు. పైన అడ్రసు రాసే గడిలో రెండు వెనక్కి వాలిన గీతలు, వాటిని ఆనుకుని హాలు కంప్యూటరు పేరు రాసి ఎంటర్ నొక్కండి. తెరుచుకుంటే దారి బాగానే ఉంది, జాబితాదే లోపం. పేరుకి పలక్కపోతే పేరు బదులు ఇందాక చెప్పిన ఐ.పి. అడ్రసు రాసి చూడండి. అంకెలకి పలికి పేరుకి పలక్కపోతే, పేరు తప్పుగా రాశామేమో, లేదా పేరు గుర్తుపట్టడంలోనే తేడా ఉందేమో చూసుకోవాలి. దేనికీ పలక్కపోతే మళ్ళీ పైకి వెళ్ళి వైఫై, చుక్క సరిచూసుకోండి. కొందరు డబ్బిచ్చి కొనుక్కున్న యాంటీవైరస్‌లో వేరే ఫైర్‌వాల్ ఉంటుంది. దానికి కూడా ఇది మన ఇల్లేనని విడిగా చెప్పాల్సి వస్తుంది.

తలుపు దొరికింది. ఇక తాళం. ఇక్కడే చాలామంది విసిగిపోయి పాస్‌వర్డు తీసేస్తారు. ఎంచేతంటే తెర మీద పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది, మనం రోజూ కొట్టే నాలుగంకెల పిన్ను కొడతాం, తప్పంటుంది. మళ్ళీ కొడతాం, మళ్ళీ తప్పంటుంది. పిన్ను ఆ కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళకే పనిచేస్తుంది. ఇంకో గదిలోంచి వచ్చేవాళ్ళకి ఖాతా అసలు పాస్‌వర్డే కావాలి. అదీ హాలు కంప్యూటర్లో ఉన్న ఖాతాది, లాప్‌టాప్‌ది కాదు. ఇంకొందరిళ్ళల్లో కంప్యూటరుకి పాస్‌వర్డే ఉండదు. ‘మనింట్లో మనకేం పాస్‌వర్డు’ అంటారు పెద్దవాళ్ళు. పాస్‌వర్డు లేని ఖాతాతో ఇంకో కంప్యూటరు నుంచి లోపలికి రావడాన్ని విండోస్ మామూలుగా ఒప్పుకోదు. ఖాళీగా వదిలేస్తే లోపలికి రానిస్తుందనుకుంటాం, సరిగ్గా అందుకే రానివ్వదు.

నేను చేసిన ఏర్పాటు చెబుతాను. హాలు కంప్యూటర్లో ‘ఇల్లు’ అన్న అర్థంలో ఒక కొత్త లోకల్ ఖాతా తెరిచి, దానికి మంచి పాస్‌వర్డు పెట్టాను. దానికి అడ్మినిస్ట్రేటరు అధికారం ఇవ్వలేదు. అమ్మాయి లాప్‌టాప్‌లో ఒక్కసారి ఆ పేరూ ఆ పాస్‌వర్డూ కొట్టి, ‘గుర్తుపెట్టుకో’ అన్నచోట టిక్కు పెట్టాం. మళ్ళీ అడగలేదు. ఎప్పుడైనా పాస్‌వర్డు మార్చితే లాప్‌టాప్ పాతదే పట్టుకుని కూర్చుంటుంది. కంట్రోల్ ప్యానెల్లో ‘క్రెడెన్షియల్ మేనేజర్’ అని ఉంటుంది, అందులో పాతది తీసేసి కొత్తది ఇవ్వాలి.

ఫోల్డరుకి రెండు తాళాలుంటాయని కూడా అప్పుడే తెలిసింది. ఫోల్డరు మీద కుడిమీట నొక్కి ప్రాపర్టీస్‌కి వెళితే ‘షేరింగ్’ అని ఒకటి, ‘సెక్యూరిటీ’ అని ఒకటి. రెండింటిలోనూ అనుమతి ఉండాలి. ఒకదాంట్లో ఇచ్చి రెండోదాంట్లో ఇవ్వకపోతే, గట్టిగా ఉన్నదాని మాటే చెల్లుతుంది. ‘నీకు అనుమతి లేదు’ అని తెర మీద వస్తే సంతోషించండి, దారి అంతా బాగుంది, ఈ రెండు తాళాల్లో ఒకటి వెయ్యబడి ఉందంతే. ‘నెట్‌వర్క్ పాత్ దొరకలేదు’ అని వస్తే దారే లేదు. ఈ రెండు మాటలకీ తేడా తెలియక మా మేనల్లుడు అన్నీ ఊడబీకాడు.

డ్రైవులకి డ్రైవులు ఎప్పుడూ తెరవకండి. నేను ‘అందరికీ’ అని ఒక చిన్న ఫోల్డరు పెట్టి, దాన్నొక్కదాన్నే, అదీ ఆ ‘ఇల్లు’ ఖాతాకే ఇచ్చాను. మామగారి కాగితాలు దాంట్లో లేవు. కావాల్సినప్పుడు ఆ ఒక్క కాగితం అందులో వేసి, పని అయ్యాక తీసేస్తాను. మీ కంప్యూటర్లో ఇప్పుడు ఏమేం తెరిచి ఉన్నాయో చూడాలంటే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పై గడిలో రెండు వెనక్కి వాలిన గీతలు, వెంటనే ఇంగ్లీషులో ‘లోకల్‌హోస్ట్’ అని రాసి ఎంటర్ కొట్టండి. వచ్చే జాబితాలో మీకు తెలియని పేరుంటే ఇవాళే మూసెయ్యండి. ఆ రోజు మా జాబితాలో మొత్తం డి డ్రైవు కనిపించింది.

ఫైర్‌వాల్ మళ్ళీ వేశాను. మేడమీద కుర్రాడికి గెస్ట్ వైఫై ఇచ్చాను, అతనూ అదే బాగుందన్నాడు. చుట్టాలందరికీ ఇప్పుడు అదే. ఆ వారమే అమ్మాయి లాప్‌టాప్ పొరపాటున గెస్ట్ మీదికి ఎక్కి మళ్ళీ ప్రింటరు పోయింది. ఈసారి రెండు నిమిషాల్లో పట్టుకున్నాను, ఆ మాట మావారితో నాలుగుసార్లు చెప్పాను.

ఒక హెచ్చరిక. పాత యంత్రం ఏదైనా కలవకపోతే ‘ఎస్.ఎం.బి.1 ఆన్ చెయ్యండి’ అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. ఎస్.ఎం.బి. అంటే విండోస్ కంప్యూటర్లు ఫైళ్ళు పంచుకునే భాష. అందులో మొదటి రకం బాగా పాతది. 2017 మే నెలలో ‘వానాక్రై’ అన్న కంప్యూటరు పురుగు ప్రపంచమంతా పాకింది ఆ పాత భాషలో ఉన్న లోపాన్ని పట్టుకునే. ఇంగ్లండులో ఆస్పత్రుల పనులు ఆగిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయి. ఆ లోపానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది; అప్‌డేట్ చేసుకోనివాళ్ళే ఎక్కువగా చిక్కుకున్నారు. ఆ ఏడాది చివరి నుంచీ కొత్తగా వేసే విండోస్‌లో ఆ మొదటి రకాన్ని ముందుగా పెట్టడం మానేశారు. ఒక పాత పెట్టె కోసం దాన్ని మళ్ళీ పిలిచి ఇంట్లో పెట్టుకోవద్దు.

ప్రింటరు విషయంలో మిగిలినవి చకచకా చెప్పేస్తాను. హాలు కంప్యూటర్లో ప్రింటర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి, షేరింగ్ కింద ‘షేర్ దిస్ ప్రింటర్’ దగ్గర టిక్కు ఉందో లేదో చూడండి. పేరు పొడుగ్గా, ఖాళీలతో కాకుండా ఒక చిన్న మాట పెట్టండి. లాప్‌టాప్‌లో కొత్తగా చేర్చేటప్పుడు అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు అడిగితే అది జబ్బు కాదు. 2021లో ప్రింటు పనులు చూసే ‘స్పూలర్’లో పెద్ద లోపం బయటపడ్డాక, ఆ ఆగస్టు నుంచీ ఇంకో కంప్యూటరు నుంచి డ్రైవరు తెచ్చుకోవాలంటే ఆ అనుమతి ఉండాలని పెట్టారు. ఒక కాగితం మధ్యలో ఇరుక్కుని, దాని వెనక పదిహేను నిలబడి ఏదీ కదలకపోతే, ‘సర్వీసెస్’లో ప్రింట్ స్పూలర్‌ని ఆపి మళ్ళీ నడిపించండి. చాలాసార్లు అంతటితో వరస కదులుతుంది.

వైరు లేకుండా నేరుగా వైఫైకి తగిలే ప్రింటరున్నవాళ్ళకి ఈ ఖాతాలూ తాళాలూ అక్కర్లేదు. ప్రతి కంప్యూటరూ దానితో నేరుగా మాట్లాడుతుంది. కాకపోతే దానికో పేచీ ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు ఒక్కొక్కసారి దానికి కొత్త నంబరు ఇస్తుంది. లాప్‌టాప్ పాత నంబరుకే కాగితాలు పంపుతూ ‘ఆఫ్‌లైన్’ అంటూంటుంది. మా చెల్లెలింట్లో ఇదే బాధ. కరెంటు పోయినప్పుడల్లా ప్రింటరు తీసేసి మళ్ళీ చేర్చేది. రౌటరు పేజీ తెరిచి, ఆ ప్రింటరుకి ఎప్పుడూ ఒకే నంబరు ఇమ్మని ‘అడ్రస్ రిజర్వేషన్’ అన్నచోట కట్టేశాం. రౌటరుని ఇన్వర్టరు మీదికి కూడా మార్చింది. ఈ వానాకాలమంతా ఫోను చెయ్యలేదు.

నా నోటుపుస్తకం ఇప్పుడు హాలు కంప్యూటరు కిందే ఉంటుంది. రౌటరు ఎప్పుడు మార్చారు, ప్రింటరు నంబరు ఎంత, ఏ రోజు ఏ సెట్టింగు మార్చాం, అన్నీ తేదీలు వేసి రాస్తాను. పాస్‌వర్డులు మాత్రం అందులో రాయను, అవి బీరువాలో ఉన్నాయి. సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చి ఏదో మార్చబోయాడు. “ముందు ఈ పుస్తకంలో రాసి, తర్వాత మార్చు నాయనా” అన్నాను. “అత్తయ్యా, నువ్వు మారిపోయావు” అంటూనే తేదీ వేసి రాశాడు.